నల్లక్క తీసిన గేటు

నా చిన్నప్పుడు మేం కాలనీలోకి వెళ్లలేదు, కాలనీయే మా ఇంటి చుట్టూ వచ్చి కూర్చుంది. సరూర్‌నగర్ చెరువుకూ దిల్‌సుఖ్‌నగర్ బస్టాపుకూ మధ్య మాకు ఒక జొన్నచేను, దాని పక్కన కొంచెం ద్రాక్షతోట ఉండేవి. తాతయ్య పోయాక, ఎనభైల మొదట్లో, మా నాన్న, బాబాయి కలిసి వాటిని ప్లాట్లు చేసి అమ్మేశారు. ముందు సున్నం పూసిన హద్దురాళ్లు వచ్చాయి. తర్వాత ఇసుక కుప్పలు వచ్చాయి. చూస్తూ చూస్తూ ఉండగానే డాబా ఇళ్లు లేచాయి. గుంటూరు నుంచి, కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగస్తులు వచ్చి గృహప్రవేశాలు చేసుకున్నారు. మధ్యలో మా పాత పెంకుటిల్లు, దాని వెనక కొట్టం, కొట్టంలో మా నాయనమ్మ పశువులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

పశువులంటే పెద్ద మంద ఏమీ కాదు. ఒక బర్రె, ఒక మేక, ఒక కోడిపుంజు. బర్రె పేరు నల్లక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న మేక పేరు సుక్క. పుంజుకు మా నాయనమ్మ దొర అని పేరు పెట్టింది. వాడి నడక అలాంటిది. ఒక కాలు ఎత్తి, కాసేపు ఆలోచించి, ఈ నేల తన పాదానికి తగినదేనా అన్నట్టు చూసి, అప్పుడు దించేవాడు.

కొట్టం చుట్టూ తాతయ్య కట్టించిన రాతిగోడ ఉండేది. కాలనీలో ఇళ్లు లేస్తున్న రోజుల్లో ఒక ఇసుక లారీ మా సందు మలుపులో వెనక్కి వస్తూ ఆ గోడను గుద్దింది. ఒక వైపంతా కూలిపోయింది. లారీ అతను దిగి చూశాడు, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. మా నాయనమ్మ ఆ కూలిన చోట తుమ్మకంప అడ్డం వేసింది. గోడ సంగతి నాన్నకు ఒకసారి చెప్పింది. ఆయన ప్లాట్ల బేరాల్లో తీరిక లేకుండా తిరుగుతూ, చూద్దాంలే అన్నాడు. ఆమె రెండోసారి చెప్పలేదు. కాలనీవాళ్లకైతే చెప్పనే లేదు.

ఒకరిని అడగడం ఆమెకు చేతకాదు. పెట్టిన చెయ్యే గానీ చాపిన చెయ్యి కాదు ఆమెది. "అడుక్కునుడు మన ఇంట్ల లేదు బిడ్డా" అనేది నాతో. నేనూ ఆ మాటను నెత్తిన పెట్టుకుని తిరిగేదాన్ని. బడిలో బలపం అరిగిపోతే పక్కపిల్లను ఒక ముక్క అడగడానికి నామోషీ. ఒట్టి వేలితో పలక మీద రాసినట్టు నటిస్తూ కూర్చునేదాన్ని.

తుమ్మకంప మనుషులను ఆపుతుంది గానీ మేకను ఆపదు. సుక్క దాని ఆకులు తినడం మొదలుపెట్టి, తింటూ తింటూ కంపనంతా పక్కకు లాగేసింది. ఇక మా వాళ్లు ముగ్గురూ ఊరేగింపుగా బయలుదేరడం మొదలైంది. కట్టుబడి ఇళ్ల దగ్గర ఇటుకలు తడపడానికి నీళ్ల గుంటలు తవ్వుకునేవారు. నల్లక్కకు అవి తన కోసమే తవ్వారనిపించింది కాబోలు, వెళ్లి మెడ దాకా మునిగి కూర్చునేది. మేస్త్రీలు అరిచినా, నీళ్లు చల్లినా కళ్లు మూసుకుని నెమరు వేసేది. నీళ్లు చల్లడం ఆమెకు ఇంకా హాయి. సుక్క మేడమెట్లు ఎక్కడం నేర్చుకుంది. డాబా మీద పాత చీర పరిచి పెట్టిన గుమ్మడి వడియాలను వరసలో ఒకటీ వదలకుండా తిని, చివరకు ఆ చీర కొంగు కూడా నమిలింది. దొర మాత్రం ఎవరి వస్తువూ ముట్టేవాడు కాదు. తెల్లారకముందే కాలనీ సెక్రటరీగారి కిటికీ మీద ఎక్కి, ఆయన చెవిలోనే కూసేవాడు.

అన్నింటికన్నా విచిత్రం ఆ సెక్రటరీగారి గేటు. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవారు. పద్ధతిగల మనిషి. ఇంటి ముందు గులాబీలు, తోటకూర మడి పెంచుకుని, కొత్త ఇనుప గేటు పెట్టించుకున్నారు. దానిది పైకెత్తితే తెరుచుకునే గొళ్లెం. ఆ గేటు రోజూ ఎలా తెరుచుకుంటుందో ఎవరికీ అర్థం కాలేదు. సెక్రటరీగారు తమ అబ్బాయిని అనుమానించారు, పాలమనిషిని అనుమానించారు, గాలిని కూడా అనుమానించారు.

దాన్ని కనిపెట్టింది మా పక్కింటి అక్క.

అక్కవాళ్లది గుంటూరు వైపు. డిగ్రీ అయిపోయి, దగ్గర్లోని ఒక చిన్న బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. సుక్క తిన్న వడియాలు వాళ్లమ్మగారివే. వాళ్లమ్మగారు మా నాయనమ్మతో మాటలు మానేశారు. అక్క మాత్రం మానలేదు. ఒకరోజు సాయంత్రం నన్ను గోడ మీదుగా పిలిచి, నోటి మీద వేలు పెట్టి, సెక్రటరీగారి గేటు వైపు చూపించింది. నల్లక్క వచ్చి గేటుకు మెడ రాసుకుంటోంది. రాసుకుంటూ రాసుకుంటూ గడ్డం గొళ్లెం కిందికి పోనిచ్చి పైకెత్తింది. గేటు కొంచెం కదలగానే సుక్క తల దూర్చి లోపలికి నెట్టింది. దొర అప్పటిదాకా రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు, అచ్చం కాపలావాడిలా. గేటు పూర్తిగా తెరుచుకున్నాక తను కూడా తీరిగ్గా కాలు ఎత్తి, ఆలోచించి, లోపలికి నడిచాడు. అక్క నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వింది. అప్పటిదాకా మా పశువులను చూసి నవ్విన కాలనీ మనిషిని నేను చూడలేదు.

నవ్వులాటగా ఎన్నాళ్లు నడుస్తుంది? కాలనీవాళ్ల బాధలో తప్పేమీ లేదు. నీళ్లు మోసి పెంచుకున్న మొక్కలు పోతున్నాయి, ఆరేసిన బట్టలు పోతున్నాయి. వచ్చే ఆదివారం మీటింగులో ఈ సంగతి తేల్చాలని వాళ్లు మా నాన్నతో అన్నారు. లేకపోతే వీధిన తిరిగే పశువులను పట్టుకెళ్లే బందెలదొడ్డివాళ్లకు చెప్పక తప్పదన్నారు. నాన్నకు అప్పటికే కాలనీలో పది మందితో పరిచయాలు, బేరాలు. తలవంపులుగా ఉందేమో, బర్రెను, మేకను ఇబ్రహీంపట్నం వైపు ఒక బేరగాడికి అమ్మేస్తానని, ఆదివారం మీటింగులోనే మాటిస్తానని ఇంట్లో చెప్పేశాడు. మా నాయనమ్మ ఆ సాయంత్రం పాలు పితికాక చాలాసేపు నల్లక్క వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది. తాతయ్య ఉన్నప్పటి నుంచి ఆ కొట్టంలో మిగిలింది అవే.

నేను ఏడుస్తూ అక్క దగ్గరికి పరిగెత్తాను. గేటు దగ్గర చూసినదంతా బొమ్మలుగా గీసి పెద్దవాళ్లకు చూపించమని, చూస్తే వాళ్లకూ నవ్వొస్తుందని, నవ్వొస్తే కోపం పోతుందని నా ఆలోచన. అక్క అంతా విని తల అడ్డంగా ఊపింది.

"నేనొక్కదాన్నే గీస్తే ఎవరు చూస్తారే? బాగుందమ్మా అని పక్కన పెట్టేస్తారు. వాళ్ల పిల్లలు గీశారనుకో, పని మానుకుని మరీ వచ్చి కూర్చుంటారు. వెళ్లి పిలుచుకురా."

"నేనెందుకు పిలుస్తక్కా? ఆళ్లు మమ్మల్ని బర్రెలోళ్లు అంటరు."

"అందుకే నువ్వే పిలవాలి. ఊరికే రమ్మనకు. నాకు సాయం కావాలి అని అడుగు."

ఆ మాట నాకు ఎంత బరువనిపించిందో ఇప్పుడు చెబితే నవ్వుతారు. ఎదురింట్లో అక్కాచెల్లెళ్లు ఇద్దరుండేవారు. వాళ్ల గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చాను. చివరికి మా తమ్ముణ్ని, అంటే మా బాబాయి కొడుకును, తోడు పెట్టుకుని వెళ్లి అడిగాను. వాళ్లకు సెలవుల్లో ఏమీ తోచడం లేదు, వెంటనే చెప్పులేసుకున్నారు. మిగిలింది సెక్రటరీగారి అబ్బాయి. లావు కళ్లద్దాలు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. ఆ గేటు బయట నిలబడి పిలిస్తే వచ్చి, గొళ్లెం తీయకుండానే మాట్లాడాడు.

"మా గులాబీలు తిన్నది మీ గేదేగా?"

"గేదె కాదు, బర్రె. తిన్నది మేక."

"ఏదైతే ఏంటి?"

వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. కానీ నల్లక్క వీపు మీద నాయనమ్మ చెయ్యి కళ్ల ముందు ఆడింది. "మా నల్లక్కను అమ్మేస్తరంట. నాకు సాయం గావాలె" అన్నాను, కింద గచ్చును చూస్తూ. వాడు కాసేపు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "బొమ్మలైతే వేస్తాను గానీ, గేదె దగ్గరికి మాత్రం రాను" అని గొళ్లెం తీశాడు.

అక్కవాళ్ల వరండాలో అయిదుగురం చేరాం. పాత క్యాలెండరు కాగితాలను వెనక్కి తిప్పి పరిచి, అన్నీ కలిపి ఒక బొమ్మల పుస్తకం చేద్దామంది అక్క. రంగు క్రేయాన్ల పెట్టె ఒక్కటే ఉంది. అందరం దాని మీద పడ్డాం. నాకు నలుపు కావాలి, నల్లక్కను నేనే వేయాలి కాబట్టి. అక్క పెట్టెను వెనక దాచి, మనిషికి ఒక్క రంగు ఇచ్చింది. నలుపు కళ్లద్దాల అబ్బాయికి, ఆకుపచ్చ ఎదురింటి పెద్దమ్మాయికి, పసుపు వాళ్ల చెల్లెలికి, గోధుమరంగు మా తమ్ముడికి. నాకు ఎరుపు. పైగా ఒక షరతు పెట్టింది. ఎవరి క్రేయాను వాళ్లదే, ఒకరికొకరు ఇచ్చుకోకూడదు. ఇంకో రంగు కావాలంటే ఆ రంగు ఉన్నవాళ్లను మన కాగితం దగ్గరికి పిలిచి, వాళ్ల చేతే వేయించుకోవాలి.

నాకు ఏడుపొచ్చింది. ఎర్ర క్రేయానుతో దొర తలమీది జుట్టు తప్ప నేనేం వేస్తాను? అందరికీ అదే అవస్థ. ఆకుపచ్చ పిల్ల కాగితం నిండా గడ్డి వేసి, ఇక ఏం చేయాలో తెలియక కూర్చుంది. మా తమ్ముడు మాత్రం సంతోషంగా ఒక లారీ గీశాడు, వాడికి లారీల పిచ్చి. ఆ లారీ మా గోడను గుద్దుతున్నట్టు గీశాడు. దానికి చక్రాలు కావాలి, చక్రాలు నల్లగా ఉండాలి. "ఓ కళ్లద్దాలన్నా, ఇటు రావా" అని పిలిచాడు. వాడు వచ్చి బోర్లా పడుకుని శ్రద్ధగా గుండ్రాలు దిద్దాడు. అది చూసి, నేనూ పిలిచాను. అప్పటికి అడగడం కొంచెం అలవాటైంది.

వాడు నా కాగితం మీద నల్లక్కను వేశాడు. కొమ్ములు ఆవు కొమ్ముల్లా నిటారుగా పెట్టాడు. అలా కాదన్నాను. ఎలా మరి అన్నాడు. చెప్పడం నాకు రాలేదు, చేత్తో చూపిస్తే వాడికి అర్థం కాలేదు. చివరికి కొట్టానికి లాక్కెళ్లాను. గుమ్మం దగ్గర వాడు నా వెనక నక్కి నిలబడ్డాడు. నల్లక్క తల తిప్పి, నాలుగడుగులు వేసి వచ్చి, వాడి మొహం మీద పొడవుగా ఊపిరి వదిలింది. కళ్లద్దాలు రెండూ మసకబారిపోయాయి. వాడు భయంతో కదల్లేదు, ఏమీ కనపడక పారిపోలేదు. తర్వాత నెమ్మదిగా చెయ్యి చాపి కొమ్ము తడిమి చూశాడు. "వెనక్కి వంగి ఉంటాయా!" అన్నాడు, ఎవరూ చెప్పని రహస్యం దొరికినట్టు. ఆ తర్వాత వాడు వేసిన నల్లక్కలన్నీ నల్లక్కలాగే ఉన్నాయి.

కథను అక్క బొమ్మల కింద పెద్ద అక్షరాలతో రాసింది. మేం చెబుతుంటే ఎవరి మాట వాళ్ల మాటగానే రాసింది. వాళ్లు గేదె అంటారు, మేం బర్రె అంటాం. దాని మీద పెద్ద తగవైంది. అందుకని పుస్తకంలో కాలనీవాళ్లందరూ "గేదె వచ్చింది, గేదె వచ్చింది" అని అరుస్తుంటే, నల్లక్క గుంటలోంచి తల ఎత్తి "నేను గేదెను గాదు, బర్రెను" అంటుంది. ఆ పేజీ రాస్తున్నప్పుడు మా అరుపులకు అక్కవాళ్లమ్మగారు లోపలి నుంచి వచ్చి చూశారు. వడియాల పేజీ దగ్గర కాసేపు నిలబడి, "వడియాలు అంత పసుపుగా ఉండవు" అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయారు. కాసేపటికి అందరికీ జంతికలు పంపారు.

చివరి పేజీ దగ్గర మళ్లీ కొట్లాట. ముగ్గురినీ కట్టేయాలని ఒకరు, అడవికి పారిపోవాలని ఒకరు. ఎటూ తేలక, మూడు జంతువులూ డాబా మీద చేయీ చేయీ పట్టుకుని గంతులేస్తున్నట్టు వేసేశాం. అక్క కాగితాలన్నీ పేర్చి దబ్బనంతో కుట్టింది. ఏ పేజీ చూసినా అందులో అయిదుగురి రంగులూ ఉన్నాయి. అప్పటికి గానీ ఆమె పన్నిన పన్నాగం నాకు తెలియలేదు.

ఆదివారం పొద్దున సెక్రటరీగారి వాకిట్లో మీటింగు. చాపలు పరిచారు, పెద్దవాళ్లకు ఇనుప కుర్చీలు వేశారు. నాన్న ఒక మూల తల దించుకుని కూర్చున్నాడు. వీధి దీపాలు, బోరింగు సంగతులు అయ్యాయి. మా పశువుల వంతు వచ్చేసరికి అక్క లేచి, ముందు పిల్లలు ఒక కథ చెబుతారండి అంది. సెక్రటరీగారు గడియారం చూసుకున్నారు గానీ, పుస్తకం పట్టుకుని నిలబడింది తమ అబ్బాయి అని చూశాక ఏమీ అనలేకపోయారు.

మొదటి పేజీలోనే ఒకాయన ముందుకు వంగి, "ఈ లారీ ఎవరిది? ఈ గోడ ఎప్పుడు పడింది?" అన్నాడు. మా తమ్ముడు జరిగింది చెప్పాడు. పెద్దవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ రోజుల్లో ఇసుక తోలించుకుంటున్న ఇళ్లు మూడో నాలుగో ఉన్నాయి. ఆ లారీ ఎవరిదో ఆరోజూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. కానీ పశువులు ఎందుకు బయటికొస్తున్నాయో ఆ వాకిట్లో చాలామందికి తెలిసింది అప్పుడే. గుంట పేజీ దగ్గర ఆడవాళ్లు నవ్వారు. గేటు పేజీ వచ్చేసరికి సెక్రటరీగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "గడ్డంతోనా?" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఆయన గేటు కిర్రుమంది.

అందరం తిరిగి చూశాం. నల్లక్క గడ్డం గొళ్లెం కింద ఉంది. గొళ్లెం లేచింది. సుక్క తల దూర్చింది. దొర రోడ్డు మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. పుస్తకంలో ఉన్నదున్నట్టు కళ్ల ముందు జరుగుతుంటే, ఆ నవ్వు ఒకచోట మొదలై వాకిలంతా పాకింది. అక్కవాళ్లమ్మగారు పమిట కుక్కుకుని నవ్వారు. ఆ నవ్వుల్లో సుక్కను ఎవరూ పట్టించుకోలేదు. అది నేరుగా చాపల మధ్యలోంచి నడిచి వచ్చి, కళ్లద్దాల అబ్బాయి చేతిలోని పుస్తకం చివరి పేజీని పరపరా చించి, అందరూ చూస్తుండగా నమిలి మింగేసింది.

కథ మధ్యలో ఆగింది. నవ్వులూ ఆగాయి. సెక్రటరీగారు కొడుకును చూసి, "ఇంతకీ ఆఖర్న ఏమైందిరా?" అన్నారు.

వాడు చినిగిన అంచు వైపు చూశాడు. డాబా మీద గంతులేశాయని చెబుతాడనుకున్నాను. వాడు కళ్లద్దాలు సర్దుకుని, "ఆఖర్న అందరూ కలిసి గోడ కట్టేశారు నాన్నా" అన్నాడు.

మేం అలాంటిదేమీ వేయలేదు. నేను నోరు తెరిచి వాడినే చూస్తున్నాను. ఇంతలో ఎదురింటి పెద్దమ్మాయి అందుకుంది, ఖాళీ ప్లాట్లలో గడ్డి ఉన్న చోటికి నల్లక్కను పిల్లలే పొద్దున్నే తోలుకెళ్తారని. వాళ్ల చెల్లెలు, వడియాలు ఆరినంతసేపూ నేను కర్రతో కూర్చుంటానంది. మా తమ్ముడు రాళ్లు లారీలో తెస్తానన్నాడు. అందరూ నా వైపు చూశారు. నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "మా నాయనమ్మ అందరికి చాయ్ పెడతది" అన్నాను.

అంతలో నాయనమ్మే వచ్చింది. సుక్కను తిట్టుకుంటూ, కర్ర పట్టుకుని, రొప్పుతూ వచ్చి, ఆ జనాన్ని చూసి గేటు దగ్గరే ఆగిపోయింది. ఆమె ఎప్పుడూ మీటింగులకు వచ్చే మనిషి కాదు. సెక్రటరీగారు తన కుర్చీ జరిపి కూర్చోమన్నారు. కూర్చోలేదు. కొంగు సవరించుకుని, ఎవరినీ చూడకుండా మాట్లాడింది. ఆమె గొంతు అలా వణకడం నేను ఎన్నడూ వినలేదు.

"గోడ పడ్డ సంది నేను మస్తు పరేషాన్ అయితున్న. రాళ్లన్నీ గాడనే ఉన్నయి. ఎత్తే బలం నాకు లేదు. మీరు జర తలా ఒక చెయ్యి వేస్తే..." అని ఆగిపోయింది.

నాన్న గబుక్కున లేచాడు. "నేను కడ్తనే అమ్మా" అన్నాడు.

"ఒక్కనివి ఎట్ల కడ్తవు కొడుకా" అంది.

సెక్రటరీగారు రెండు అడుగులు ముందుకు వేసి, "ఇన్నాళ్లూ ఒక్కమాట చెప్పలేదేంటి మామ్మగారూ? చెబితే కాదంటామా?" అన్నారు.

"మీరూ ఒక్కమాట అడగలేదు గద సారూ" అంది మా నాయనమ్మ. కోపంగా అనలేదు. ఆయన కూడా కోపంగా తీసుకోలేదు. నిజమేనని తల ఊపారు.

ఆ మరుసటి ఆదివారం గోడ లేచింది. కూలిన రాళ్లు కొన్ని, కట్టుబడి ఇళ్ల దగ్గర మిగిలిన ఇటుకలు కొన్ని, ఎవరో అడక్కుండానే తెచ్చిన సిమెంటు సగం బస్తా. పెద్దవాళ్లు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ రాళ్లు అందించారు. సెక్రటరీగారు ఉత్సాహంగా పెద్ద రాయి ఎత్తి నడుము పట్టేసి, మిగిలిన సమయమంతా మా మంచం మీద బోర్లా పడుకుని మేస్త్రీకి సలహాలు చెప్పారు. మా నాయనమ్మ చాయ్ కాచింది. అక్కవాళ్లమ్మగారు పులిహోర తెచ్చి, చాలా రోజుల తర్వాత మా గుమ్మంలోకి వచ్చి, గిన్నె కింద పెడుతూ, ఎండలు ముదిరాక మళ్లీ వడియాలు పెడతానని, మేకను కాస్త చూసుకోమని చెప్పారు. నాయనమ్మ ఆ రోజు నుంచి వాళ్లింటికి పాలు పంపేది. నాన్న బేరగాడికి వద్దని చెప్పి పంపేశాడు.

అంతా చక్కబడిందని చెప్పను. ఆ గోడ మీదికి ఎగరడం సుక్క వారం తిరక్కుండానే నేర్చుకుంది. వడియాల కాపలాకు కూర్చున్న పిల్ల నిద్రపోయింది, ఆసారి కూడా సగం వడియాలు పోయాయి. కానీ ఇప్పుడు అరుపులు వేరేగా ఉండేవి. "మామ్మగారూ, మీ సుక్క మా మేడ మీదుందండీ" అని పిలుపు వచ్చేది, మేం పరిగెత్తేవాళ్లం. దొర కూత ఆపలేదు. సెక్రటరీగారు ఆ కూతకే లేచి నడకకు వెళ్లడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు ఖాళీ ప్లాట్లన్నీ ఇళ్లయిపోయి గడ్డి లేకుండా పోయినప్పుడు, మా నాయనమ్మ తనంతట తానే నల్లక్కను, ఆ తర్వాత దానికి పుట్టిన దూడను మీర్‌పేట్‌లో మా మేనత్త దొడ్డికి తోలింది. పుస్తకాన్ని అక్క తన బడికి తీసుకెళ్లింది. చివరి పేజీ లేని ఆ కథకు ఆమె క్లాసు పిల్లలు ఏటా కొత్త ముగింపు చెప్పేవారట.

నేను నర్సునయ్యాను. ఒక దవాఖానలో చాలా ఏళ్లు పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పసివాడికి సెలైను పెట్టాలి. నరం దొరకడం లేదు. వాడు ఏడుస్తున్నాడు, తల్లి నన్నే చూస్తోంది. నాకన్నా చిన్నదైన అమ్మాయి పక్క మంచం దగ్గర ఉంది. ఆమెకు చెయ్యి తిరిగిందని అందరికీ తెలుసు. పిలవాలంటే నాకు చిన్నతనంగా అనిపించింది. అయినా, ఇటు జర రావా, నాతోని అయితలేదు అన్నాను. ఆమె వచ్చింది, నరం దొరికింది, పిల్లవాడు ఊరుకున్నాడు.

అప్పటి నుంచి ఎన్నిసార్లు ఎవరెవరిని అడిగానో లెక్కలేదు. ఇరుగుపొరుగును, నా పిల్లలను, ఆటో అతన్ని కూడా అడిగాను. అడిగిన ప్రతిసారీ ఆ ఆదివారం మా నాయనమ్మ గొంతులో విన్న వణుకు నా గొంతులోకీ వస్తుంది. ఇంత వయసొచ్చినా అది పోలేదు. వచ్చినా సరే, అడుగుతాను.